చిన్న అణు రియాక్టర్లు: రైతు అడగాల్సిన లెక్కలు

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల రైతు సంఘం కార్యకర్తల ఉమ్మడి తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి మద్దతు ధర గురించో, నకిలీ విత్తనాల గురించో కాకుండా అణు రియాక్టర్ల గురించి మాట్లాడమని కమిటీ చెప్పింది. ఈ మాట వినగానే కొందరు నవ్వారు. "మన ట్రాన్స్‌ఫార్మరు కాలితే మార్చేటోడు లేడు, అణు రియాక్టరు ముచ్చట మనకెందుకన్నా?" అన్నారు. నేను అనేది ఏందంటే, ట్రాన్స్‌ఫార్మరు కోసం తిరిగే రైతుకే ఈ ముచ్చట కావాలి. ఎందుకంటే ఇప్పుడు ఈ రియాక్టర్లను మన పేరు మీదనే అమ్ముతున్నారు. "పెద్ద కేంద్రాలు, పొడుగు లైన్లు అక్కర్లేదు. జిల్లాకొక చిన్న రియాక్టరు పెట్టుకుంటే ఎక్కడి కరెంటు అక్కడే" అని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. దీనికి వికేంద్రీకరణ అని పేరు పెట్టారు. ఆ పేరు నిజమా కాదా చూద్దాం.

ముందు ప్రభుత్వం ఏం చెప్పిందో తెలుసుకోవాలి. 2025 ఫిబ్రవరి కేంద్ర బడ్జెట్‌లో అణుశక్తి మిషన్‌కు 20,000 కోట్లు పెట్టారు. 2033 నాటికి దేశంలో తయారైన చిన్న రియాక్టర్లు కనీసం ఐదు నడవాలన్నారు. 2047కు మొత్తం అణు విద్యుత్తు లక్ష మెగావాట్లకు చేరాలన్నారు. ఇప్పుడున్నది తొమ్మిది వేల మెగావాట్ల లోపే. 2025 డిసెంబరులో పార్లమెంటు 'శాంతి' అనే పేరుతో కొత్త చట్టం చేసింది. 1962 నాటి అణుశక్తి చట్టాన్ని, 2010 నాటి నష్టపరిహార చట్టాన్ని తీసేసి, ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. అంటే ఇది ఉత్త మాట కాదు. డబ్బు పెట్టారు, చట్టం చేశారు. ఇక జాగా, నీళ్లు వెతకడమే మిగిలింది. కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లం కాబట్టి మనం తెలుసుకొని ఉండాలి.

రియాక్టరు అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. బాయిల్డ్ రైస్‌మిల్లులో ఊక మంట పెట్టి బాయిలరులో నీళ్లు మరిగిస్తారు, ఆవిరి వస్తుంది. రామగుండంలో బొగ్గు మంటతో అదే పని చేసి, ఆ ఆవిరితో టర్బైను తిప్పుతారు. అణు కేంద్రంలో మంట ఉండదు. యురేనియం అణువులు చీలినప్పుడు పుట్టే వేడితో నీళ్లు మరుగుతాయి. మిగతా కథ ఒకటే: ఆవిరి, టర్బైను, జనరేటరు, లైను. ఆ వేడిలో మూడో వంతే కరెంటు అవుతుంది. మిగతా వేడిని నీళ్లు పెట్టి చల్లార్చాల్సిందే.

ఇప్పుడు 'చిన్న' అన్న మాట చూద్దాం. బాబా అణు పరిశోధన కేంద్రం తయారు చేస్తున్నవాటిలో కరెంటు కోసం ఉద్దేశించినవి రెండు. ఒకటి 200 మెగావాట్లది, ఇంకొకటి 55 మెగావాట్లది. మన జూరాల జల విద్యుత్ కేంద్రం మొత్తం ఆరు యూనిట్లు కలిపి 234 మెగావాట్లు. అంటే వాళ్లు చిన్నదంటున్న ఒక్క రియాక్టరు ఇంచుమించు జూరాల అంత. 55 మెగావాట్లదే తీసుకున్నా, ఐదు హెచ్‌పీ మోటార్లు ఒకేసారి 14 వేల 700 తిప్పగలదు. అది ఊరికి సరిపడే సరుకు కాదు. దాని కరెంటు హైటెన్షన్ లైనెక్కి గ్రిడ్డుకు పోతుంది. అక్కడి నుంచి సబ్‌స్టేషన్, ఫీడరు, ట్రాన్స్‌ఫార్మరు దాటుకొనే మన స్టార్టరు దగ్గరికి రావాలి. కాలిపోయే ట్రాన్స్‌ఫార్మరు, వాలిపోయిన స్తంభం, ఖాళీగా ఉన్న లైన్‌మెన్ పోస్టు ఎక్కడివక్కడే ఉంటాయి.

"లిఫ్టులకైనా పనికొస్తది కదా" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. పాలమూరు–రంగారెడ్డి పథకంలో నార్లాపూర్ దగ్గర పెట్టిన పంపు ఒక్కోటి 145 మెగావాట్లు. 55 మెగావాట్ల రియాక్టరు అందులో ఒక్క పంపును కూడా తిప్పలేదు. 200 మెగావాట్లది ఒక పంపును తిప్పి, రెండోదానికి చాలదు. పైగా లిఫ్టులు ప్రధానంగా నడిచేది కృష్ణకు వరద ఉన్న దినాల్లో. ఆ దినాల్లోనే జూరాలలో, శ్రీశైలం ఎడమగట్టు 900 మెగావాట్ల కేంద్రంలో కరెంటు పుడుతుంది. రియాక్టరు పెట్టుబడి గిట్టాలంటే ఏడాది పొడుగునా, రాత్రీ పగలూ, ఒకే తీరుగా నడవాలి. మన అవసరం అట్లా ఉండదు. యాసంగిలో పగటి పూట ఒక్కసారిగా పెరుగుతుంది, కోతలప్పుడు పడిపోతుంది.

మరి ఏడాది పొడుగునా ఒకే తీరుగా కరెంటు ఎవరికి కావాలి? ఉక్కు, సిమెంటు, అల్యూమినియం ఫ్యాక్టరీలకు. ఈ మాట నేను కల్పించి చెప్పడం లేదు, ప్రభుత్వమే చెప్పింది. 2024 డిసెంబరు చివర్లో అణు విద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్ 'భారత్ స్మాల్ రియాక్టర్' అనే 220 మెగావాట్ల రకానికి ప్రైవేటు కంపెనీల నుంచి ప్రతిపాదనలు పిలిచింది. జాగా, నీళ్లు, పెట్టుబడి కంపెనీవి. నడిపేది ఎన్‌పీసీఐఎల్. కరెంటు కంపెనీ సొంత వాడకానికి. పార్లమెంటులో చిన్న రియాక్టర్ల గురించి అడిగినప్పుడు చెప్పిన జవాబు కూడా అదే: పెద్ద పరిశ్రమల సొంత అవసరాలకు, మూసేసే బొగ్గు కేంద్రాల జాగాలో, గ్రిడ్డు చేరని మారుమూల ప్రాంతాలకు. ఇందులో రైతు మోటారు ఎక్కడుంది? మన జిల్లాలు గ్రిడ్డు చేరని ప్రాంతాలూ కావు. గ్రిడ్డు మన చేన్ల మీది నుంచే పోతున్నది.

ధర సంగతికి వద్దాం. అమెరికాలో యూటా రాష్ట్రం, దాని చుట్టుపక్కల చిన్న చిన్న పట్టణాల కరెంటు సంస్థలు సమాఖ్యగా ఏర్పడి, న్యూస్కేల్ అనే కంపెనీ చిన్న రియాక్టర్లను ఐడహోలో పెట్టాలనుకున్నాయి. మొత్తం 462 మెగావాట్లు. మొదట మెగావాట్ అవరుకు 58 డాలర్లు అన్నారు. 2023 మొదట్లో 89 డాలర్లకు పెంచారు, అదీ ప్రభుత్వ రాయితీ పోను. అప్పటి రూపాయల్లో యూనిట్‌కు ఏడు రూపాయల పైమాటే. సరిపడా పట్టణాలు చేరలేదు, ఉన్నవాటిలో కొన్ని వెనక్కి తగ్గాయి. 2023 నవంబరులో ప్రాజెక్టు రద్దయింది. చూడండి, అవి మనలాంటి చిన్నవాళ్ల సంస్థలే. సంతకం చేసే ముందు లెక్క వేసుకున్నాయి, బయటపడే హక్కు ఒప్పందంలో రాయించుకున్నాయి. ఆ పద్ధతి మనం నేర్చుకోవాలి.

చైనాలో షిడావోవాన్ దగ్గర ఇట్లాంటి కేంద్రం 2012లో మొదలుపెట్టి, 2023 డిసెంబరులో వ్యాపార ఉత్పత్తికి తెచ్చారు. పదకొండేళ్లు పట్టింది. రష్యా 35 మెగావాట్లవి రెండు ఓడ మీద పెట్టి, ఉత్తర ధ్రువం వైపు పెవెక్ అనే రేవులో 2020 నుంచి నడుపుతున్నది. దేశపు పెద్ద గ్రిడ్డు అందని మంచు ప్రాంతానికి అది సరిపోవచ్చు. పెవెక్‌కూ పెబ్బేరుకూ పోలిక లేదు.

మన దగ్గర అనుమతి వచ్చాక 60 నుంచి 72 నెలల్లో కడతామంటున్నారు. ఖర్చు పెరిగితే ఎవరి మీద పడుతుంది? 1990ల్లో ప్రైవేటు గ్యాస్ కేంద్రాలతో చేసుకున్న ఒప్పందాలు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. యూనిట్ కొన్నా కొనకున్నా స్థిర చార్జీలు కట్టాలన్నారు. ప్రపంచ బ్యాంకు సంస్కరణలు, చార్జీల పెంపు, దాని మీద ఉద్యమం, చివరికి 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు. ముగ్గురు ప్రాణాలు పోయాయి. ఎక్కడో హైదరాబాదులో రాసుకున్న కరెంటు ఒప్పందం మన ఇంటి బిల్లు దాకా వస్తుందని ఆనాడే తేలింది. ఇప్పుడు సాగుకు ఉచిత కరెంటు ఉంది కాబట్టి మనకేంది అనుకోవద్దు. ఆ ఉచితానికి ప్రభుత్వం డిస్కంకు సబ్సిడీ కట్టాలి. కొనే కరెంటు ఖరీదైన కొద్దీ "ఉచితం ఎందుకు, మీటర్లు పెట్టండి" అనే ఒత్తిడి పెరుగుతుంది.

నీళ్ల లెక్క నిజాయితీగా చెప్పాలి. అతి చేసి చెప్తే రేపు మన మాట ఎవరూ నమ్మరు. కూలింగ్ టవర్లున్న అణు కేంద్రంలో యూనిట్‌కు సుమారు రెండున్నర లీటర్ల నీళ్లు ఆవిరై పోతాయి. 200 మెగావాట్లు ఆగకుండా నడిస్తే రోజుకు 48 లక్షల యూనిట్లు, అంటే కోటీ ఇరవై లక్షల లీటర్లు. ఏడాదికి టీఎంసీలో ఆరో వంతు కూడా కాదు. అంటే కృష్ణ మొత్తం తాగేస్తుందనడం అబద్ధం. అసలు చిక్కు ఎప్పుడన్న దాంట్లో ఉంది. రియాక్టరుకు ఏప్రిల్, మే నెలల్లోనూ రోజూ అన్నే నీళ్లు కావాలి. ఆపేసినా లోపలి ఇంధనం వేడి చల్లారదు కాబట్టి, ఆ నీళ్లు ఆగడానికి వీల్లేదు. జూరాల అడుగంటిన ఎండాకాలంలో తాగునీటికి, ఆఖరి తడికి, రియాక్టరుకు పోటీ వస్తే ముందు వరుస ఎవరిదో చెప్పక్కర్లేదు.

జాగా సంగతి. ఇప్పటి అణు కేంద్రాలకు చుట్టూ కిలోమీటరు దాకా మనుషులు ఉండకూడదు. ఆ వలయమే 776 ఎకరాలు. ఐదు కిలోమీటర్ల దాకా కొత్త ఊళ్లు, పరిశ్రమల పెరుగుదల మీద అదుపు ఉంటుంది. పదహారు కిలోమీటర్ల దాకా ప్రమాద సమయపు ఏర్పాట్లు చేయాలి. చిన్న రియాక్టర్లు మరింత భద్రమైనవి కాబట్టి ఈ గీతలు తగ్గిస్తామంటున్నారు. ఎంత తగ్గిస్తారో రాతపూర్వకంగా చూపాలని అడగాలి.

జాగా ఇచ్చినవాళ్ల సంగతికి కొవ్వాడ ఉదాహరణ చాలు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెడతామని రెండు వేల ఎకరాలకు పైగా సేకరణకు పెట్టారు. ముందు ఒక అమెరికా కంపెనీ అన్నారు, తర్వాత వెస్టింగ్‌హౌస్ అన్నారు. ఆ వెస్టింగ్‌హౌస్ 2017లో దివాలా పిటిషన్ వేసి, తర్వాత చేతులు మారింది. ఇన్నేళ్లయినా అక్కడ ఒక్క రియాక్టరు లేవలేదు. కరెంటు రాలేదు, మత్స్యకారుల ఊళ్లు మాత్రం పోతామా ఉంటామా అని ఏళ్ల తరబడి కాలం గడిపాయి.

ఇక నష్టపరిహారం. అందరూ జాగ్రత్తగా వినండి. 2010 చట్టంలో ఒక మంచి సంగతి ఉండేది. నాసిరకం యంత్రం వల్ల ప్రమాదం జరిగితే, నడిపే సంస్థ ఆ యంత్రం అమ్మిన కంపెనీ నుంచి డబ్బు రాబట్టుకోవచ్చు. భోపాల్ అనుభవం ఉన్న దేశం కాబట్టి పోరాడి పెట్టించుకున్న నిబంధన అది. కొత్త చట్టంలో అది పోయింది. ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, కావాలని చేసిన తప్పయితే తప్ప, అమ్మినవాడిని అడగలేరు. నడిపేవాడి బాధ్యతను కూడా రియాక్టరు సైజును బట్టి వరుసలుగా పెట్టారు. వేడి లెక్కన 150 నుంచి 750 మెగావాట్ల రియాక్టరుకు 300 కోట్లు హద్దు. ఇప్పుడు చెప్తున్న రెండు రకాలూ ఈ వరుసలోనే పడతాయి. ఆపైన కేంద్రం కొంత భరిస్తుంది, దానికీ హద్దు ఉంది.

ఆ 300 కోట్లను పదహారు కిలోమీటర్ల వలయానికి పంచి చూడండి. అందులో సుమారు రెండు లక్షల ఎకరాలుంటాయి. ఎకరాకు 15 వేలు వస్తాయి. గద్వాల రైతుకు విత్తనపత్తి ఒక పంట పెట్టుబడికి అది ఏ మూలకు? ప్రమాదం జరుగుతుందని నేను జోస్యం చెప్పడం లేదు. జరగదని అంత ధీమా ఉంటే, హద్దు ఎందుకు పెట్టుకున్నారని అడుగుతున్నాను.

అన్నిటికన్నా మనకు దగ్గరి సంగతి నల్లమల. ఏ సైజు రియాక్టరైనా యురేనియం కావాలి. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ పులుల రక్షిత ప్రాంతంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. నాలుగు వేల బోర్లు వేస్తామన్నారు. అమ్రాబాద్, పదర మండలాల రైతులు, చెంచు పెంటల ప్రజలు, విద్యార్థులు, అన్ని పార్టీలవాళ్లు రోడ్డెక్కారు. మనలో చాలామంది ఆ బందులో ఉన్నవాళ్లే. సెప్టెంబరు 16న శాసనసభ ఏకగ్రీవంగా వ్యతిరేక తీర్మానం చేసింది. అది మన గెలుపే. కానీ అణుశక్తి రాజ్యాంగంలో కేంద్ర జాబితాలో ఉందని మరవొద్దు. లక్ష మెగావాట్ల లక్ష్యం పెట్టుకున్నవాళ్ల చూపు మళ్లీ నల్లమల మీదికి రాదని హామీ లేదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో గని 2012లో మొదలైంది. కె.కె.కొట్టాల రైతులు వ్యర్థాల చెరువు ఊట వల్ల బోర్ల నీళ్లు చెడాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. సంస్థ కాదంటున్నది. నీళ్లు మాత్రం రైతువే.

ఎదుటివాళ్ల వాదనలోని నిజం కూడా ఒప్పుకుందాం. అణు కేంద్రం పొగ వదలదు, బొగ్గు బూడిద ఉండదు, రాత్రి కూడా నడుస్తుంది. మన పక్క రాష్ట్రం కర్ణాటకలోని కైగాలో మొదటి యూనిట్ 2018లో ఆగకుండా 962 రోజులు నడిచి అప్పట్లో ప్రపంచ రికార్డు పెట్టింది. దేశంలోని చాలా రియాక్టర్లకు ఇంధన కడ్డీలు తయారయ్యేది మన హైదరాబాదులోనే. మన ఇంజినీర్ల, కార్మికుల పనితనాన్ని చిన్నబుచ్చే పని మనకు లేదు. మన ప్రశ్న వేరు: ఇది వికేంద్రీకరణ ఎట్లా అయింది? ఇంధనం ఢిల్లీ చేతిలో, అనుమతి ఢిల్లీ చేతిలో, పెట్టుబడి కంపెనీ చేతిలో, వాడిన ఇంధనం మాత్రం ఏళ్ల తరబడి మన దగ్గరే. పంచాయతీకి అందులో ఒక్క కాగితం చూసే హక్కు ఉందా? లేనప్పుడు దానికి ఆ పేరు చెల్లదు.

వికేంద్రీకరణ ఎట్లా ఉంటుందో చూడాలంటే మన జిల్లాల్లోనే ఉంది. వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో 480 ఇళ్ల మీద మూడేసి కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టారు. ముఖ్యమంత్రి సొంత ఊరు కాబట్టి అయింది అంటారు. నిజమే. మిగతా ఊళ్లకు ఎప్పుడు అని అడుగుదాం. 2025 మే 18న అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టారు. 12,600 కోట్లతో ఐదేళ్లలో రెండు లక్షల పదివేల మంది గిరిజన రైతుల పోడు పట్టా భూములకు సోలార్ పంపులిస్తామన్నారు. పీఎం కుసుమ్ పథకం కింద రైతులు, రైతు సంఘాలు, సహకార సంఘాలు, పంచాయతీలు అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల దాకా సబ్‌స్టేషన్ దగ్గర సోలార్ కేంద్రం పెట్టుకోవచ్చు. మన రాష్ట్రంలో డిస్కం కొనే ధర యూనిట్‌కు 3 రూపాయల 13 పైసలు. ఏడు రూపాయలెక్కడ, ఇదెక్కడ?

ఇందులోనూ చిక్కులున్నాయి. మెగావాట్‌కు నాలుగెకరాల జాగా, మూడు కోట్లకు పైగా పెట్టుబడి కావాలి. ఏడాదికి పదిహేను, పదహారు లక్షల యూనిట్లు వస్తే యాభై లక్షల దాకా ఆదాయం, అందులోంచే బ్యాంకు కిస్తీ. చిన్న రైతు ఒక్కడికి ఇది సాధ్యం కాదు. దళారి వచ్చి "నీ భూమి ఇరవై ఐదేళ్లు లీజుకివ్వు" అంటాడు. రాత్రి ఎండ ఉండదు, ముసురు పడితే కరెంటు తగ్గుతుంది. పంపు కంట్రోలరు చెడితే బాగుచేసేవాడు మండలంలో ఉండాలి. సోలార్ పంపు ఉంది కదా అని పగలంతా తోడితే భూగర్భ జలం అడుగంటుతుంది. కానీ ఈ చిక్కులన్నీ మనం కూర్చొని మాట్లాడి తేల్చుకోగలిగినవి. రియాక్టరు చిక్కులు అట్లాంటివి కావు.

కాబట్టి కమిటీ తరఫున కొన్ని పనులు చెప్తున్నాను.

ఒకటి. ఏ ఊళ్లోనైనా సర్వేవాళ్లు వచ్చి మట్టి, నీళ్ల శాంపిళ్లు తీస్తే, బోర్లు వేస్తే, ఏ శాఖ, ఏ ఉత్తర్వు, దేనికోసం అని రాతపూర్వకంగా అడగండి. నల్లమల షెడ్యూల్డ్ గ్రామాల్లో పెసా చట్టం, అటవీ హక్కుల చట్టం ఇచ్చిన గ్రామసభ హక్కును వాడండి.

రెండు. జిల్లాలో చిన్న రియాక్టరు మాట ఎవరు ఎత్తినా ఐదు ప్రశ్నలు వేయండి. కరెంటు ఎవరికి? యూనిట్ ధర ఎంత? ఎండాకాలం నీళ్లు ఎక్కడివి? వాడిన ఇంధనం ఎక్కడ పెడతారు? నష్టం జరిగితే ఎకరాకు ఎంత?

మూడు. విద్యుత్ నియంత్రణ మండలి చార్జీల మీద బహిరంగ విచారణ పెడుతుంది. ప్రతి జిల్లా నుంచి కనీసం ఒక అభ్యంతర పత్రం సంఘం పేరుతో వెళ్లాలి.

నాలుగు. కుసుమ్ కింద భూమి లీజు కాగితం వస్తే ఒంటరిగా సంతకం చేయొద్దు. ముందు సంఘం ఆఫీసుకు తీసుకురండి. సహకార సంఘంగా పెట్టుకోగల ఊళ్లు ఎన్ని ఉన్నాయో మండల కార్యదర్శులు వచ్చే నెల సమావేశానికి రాసుకొని రావాలి.

ఐదు. ట్రాన్స్‌ఫార్మర్లు, లైన్‌మెన్ పోస్టుల మీద మన పాత డిమాండు అట్లాగే ఉంటుంది. 20,000 కోట్లు రియాక్టర్లకు ఉన్నప్పుడు, కాలిన ట్రాన్స్‌ఫార్మరు రెండు రోజుల్లో మార్చడానికి పైసలు లేవంటే ఒప్పుకునేది లేదు.

ఇప్పుడు మండలాలవారీగా కూర్చొని మీ ఊళ్ల సబ్‌స్టేషన్లు, ఫీడర్లు, మోటార్ల సంఖ్య రాయండి. లెక్క మన దగ్గర ఉంటేనే ఎవరొచ్చినా మాట్లాడగలం. సెలవు.